ఆముదం రాసిన బ్రేకులు

గురువారం, పుష్య బహుళ తదియ. వాకిలి ఊడ్చి ముగ్గు వేశాను. నీళ్ళ తొట్టి కడిగి నింపాను. దుప్పట్లు నానబెట్టాను. కందిబేడలు ఎండకు పోశాను. ఉగ్గాని చేద్దామని బొరుగులు నీళ్ళలో వేశాను. ఆ రోజు పనులు అంతటితో ఆగిపోయాయి. బొరుగులు పిండి తీసేలోపు మా మరిది కాళ్ళకు చెప్పులు కూడా లేకుండా వచ్చి గడప దగ్గర నిలబడి, "వదినా, అమ్మ పలకడంల్యా" అన్నాడు.

నేను పోయేసరికి పెద్దత్త గోడకు ఆనుకొని కూర్చునే ఉంది. స్నానం చేసి, కాఫీ అడిగి, అది వచ్చేలోపు వెళ్ళిపోయింది. కాఫీ గ్లాసు పక్కనే ఉంది, మీగడ కట్టింది. మళ్ళీ నేను మా వంటింట్లోకి వచ్చేసరికి పొద్దు వాలింది. గిన్నెలో బొరుగులు గంజి అయిపోయి ఉన్నాయి.

ఆమె మా మామగారి అన్న భార్య. నేను ఎమ్మిగనూరుకు కాపురానికి వచ్చిన నాటినుంచి నాకు పెద్దత్త, మా మగ్గాల వీధిలో సగం మందికి పెద్దమ్మ. ఆమె గురించి నాలుగు మాటలు రాస్తానంటే మరిది సంతోషించాడు, కానీ ఆముదం సంగతి వద్దన్నాడు. నేను ఒక రోజు ఆలోచించాను. అది రాయకుండా ఆమె గురించి ఏం రాసినా లెక్క తప్పుతుంది. బతికుంటే ఆమే దాన్ని దాచనిచ్చేది కాదు.

ముందు తోకబండి గురించి చెప్పాలి.

మా వీధి ఆడవాళ్ళు పెళ్ళైంది మొదలు రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టినవాళ్ళు. కొందరు గుంట మగ్గంలో దిగి నేసినవాళ్ళు. యాభై దాటేసరికి మోకాళ్ళు ఉండవు. ఎన్నడో ఒకసారి మంత్రాలయం పోతే అక్కడ సత్రంలో మేడమీద గది ఇచ్చారట. మెట్లెక్కలేక ముసలివాళ్ళంతా తుంగభద్ర ఇసుకలో పడుకున్నారు. ఆ రాత్రి దోమలకు నిద్ర పట్టక పెద్దత్తకు వచ్చిన ఆలోచన తోకబండి. మంచాలూ, పొయ్యీ, నీళ్ళ డ్రమ్మూ మనతోనే వస్తే సత్రం వాళ్ళను బతిమాలే పని లేదు కదా అని.

మరిదికి అద్దెకు తిప్పే వ్యాను ఉంది. ఆదోనిలో పత్తి మోసే పాత ట్రాలీ ఒకటి అమ్మకానికి వస్తే కొని, దానికి రేకు కప్పు, పక్కలకు పలకల మంచాలు, ఒక మూల గ్యాసు పొయ్యి పెట్టించారు. కిటికీలకు తెరలు మా ఇళ్ళలో నేత తప్పిన గుడ్డలే. వ్యానులో మనుషులు, వెనక కొక్కేనికి తగిలించి ఈ బండి. వీధి పిల్లలు తోకబండి అన్నారు, ఆ పేరే నిలిచింది. మంత్రాలయం, ఉరుకుంద, యాగంటి, మహానంది పోయి వచ్చారు. ఎక్కడ ఆగినా పెద్దత్త అందరికంటే ముందు దిగి, చక్రం కింద ఒక కట్టె అడ్డం పెట్టేది. విరిగిపోయిన మగ్గపు దూలం నుంచి కోసిన ముక్క అది. కట్టె పెట్టాకే, "దిగండి ఇంక" అనేది.

అవన్నీ చదునైన దారులు. శ్రీశైలం అట్లా కాదు.

శ్రీశైలం చూడాలని అందరికంటే ఎక్కువ ఆరాటపడింది ఎదురింటి జేజి. పెద్దత్త కంటే చాలా పెద్దది, పెద్దత్తకు కండె చుట్టడం నేర్పింది ఆమే. నవ్వకుండా నవ్వించే మనిషి. శ్రీశైలానికని ఒక ఎర్రంచు చీర తీసి పెట్టెలో పెట్టుకుంది. ఆ చీర ఇంకెక్కడికీ కట్టేది కాదు.

ఆ మొదటి ప్రయాణంలో నేనూ ఉన్నాను. ఆత్మకూరు దాటి అడవిలో ఘాటు రోడ్డు ఎక్కినంతసేపూ బాగానే ఉంది. దిగుడు మొదలయ్యాక తోకబండి వెనకనుంచి వ్యానును తోయడం మొదలుపెట్టింది. దానికి బ్రేకులు లేవు. మరిది ముందు బండి బ్రేకు తొక్కేకొద్దీ వెనకది మీదకు వస్తోంది. కొక్కెం మూలుగుతోంది. వ్యానంతా కాలిన వాసన. మరిది మెడ వెనక చెమట కారుతూ ఉండడం నాకు కనపడుతోంది. ఒక మలుపులో ముందు చక్రం గట్టు రాయికి ఆని ఆగింది. ఆగీ ఆగకముందే పెద్దత్త తలుపు తీసుకుని దూకి, కట్టె తెచ్చి పెట్టింది.

లారీవాళ్ళు ఇద్దరు దయతలచి తోకబండిని విప్పి, తమ లారీకి తగిలించి వెనక్కి ఆత్మకూరు చేర్చారు. శ్రీశైలం చూడకుండానే ఇంటికి మళ్ళాం. దారిలో జేజి అంది:

"మల్లన్న కాడికి మనం పోతామంటే, ఆయప్పే వచ్చి తీసకపోయేటట్ల ఉండాడే."

పెద్దత్త నవ్వలేదు. జేజి చేయి పట్టుకుని, "నిన్ను శ్రీశైలం తీసకపోయే పూచీ నాది. ఈ బండిలోనే తీసకపోతా. బాగు చేయించినాకనే తీసకపోతా" అంది. ఆ మాట వ్యానులో ఉన్న అందరం విన్నాం.

బండి బాగుచేయడంలో తల్లీకొడుకులకు మాట కుదరలేదు. బరువు మోసే కమాను కట్టలకు, అంటే స్ప్రింగులకు, ఇంకో రెండు పట్టీలు వేస్తే చాలని మరిది అన్నాడు. బండి కిందికి కుంగడం తగ్గుతుంది, అదీ నిజమే. పెద్దత్తకు నచ్చలేదు. "మోసేది వేరప్పా, నిలబెట్టేది వేరు" అంది. కర్నూలులో లారీల పని చేసే మేస్త్రి ఒకాయన, సాయిబు, వచ్చి బండి కింద పడుకుని చూశాడు. ఇరుసు మధ్యలో వంగి ఉందన్నాడు. టైర్లు చూస్తే మాకూ తెలిసింది. మోకాళ్ళు వంగినవాళ్ళ చెప్పులు లోపలివైపు అరిగినట్టు, రెండు టైర్లూ లోపలివైపే అరిగాయి. కమాను కట్టలు ఇంకా గట్టివి వేస్తే వంగిన ఇరుసు మీదే బరువు పడుతుందనీ, ఇరుసు మార్చి బ్రేకు పెట్టకపోతే పాత కథేననీ చెప్పాడు. మూడూ ఒక్కసారి చేయాలి, ఒకటి చేసి ఒకటి వదిలేస్తే చేయనట్టే.

బ్రేకు ఎలా పడుతుందని పెద్దత్త అడిగింది. ఆయన ఓపికగా చెప్పాడు. వెనక బండి ముందు బండిని తోస్తే, ఆ తోపుడుకే కొక్కెం దగ్గరి కడ్డీ వెనక్కి జరిగి బ్రేకును లాగుతుంది. ఎంత తోస్తే అంత పట్టు.

"అంటే తోసినందుకు దానికదే ముకుతాడు ఏసుకుంటాదన్నమాట" అంది పెద్దత్త.

"అంతే పెద్దమ్మా" అన్నాడు మేస్త్రి.

అవన్నీ సమకూర్చడానికి ఒక ఏడాది పట్టింది. ఆ ఏడాది తోకబండి కదల్లేదు. వీధిలో సణుగుడు మొదలైంది. బ్రేకులు లేకుండా మంత్రాలయం పోలేదా, చదును దారిలోనైనా తిప్పొచ్చు కదా అన్నారు. పెద్దత్త ఒప్పుకోలేదు. జేజి కోడలు మాత్రం మా పెద్దత్త పక్షమే అప్పట్లో. అత్తను ఎక్కించేది ఆమె కదా మరి.

సామాను వచ్చిన వారం నేను కడపలో మా అమ్మ దగ్గర ఉన్నాను. కాబట్టి ఇది చూసింది కాదు, తర్వాత పెద్దత్త నోటితోనే విన్నది. బిగించేముందు ఇంట్లో పూజ జరగాలని ఆమె కోరిక. చక్రాల బ్రేకు డ్రమ్ములు, వాటిలో కూర్చునే బ్రేకు పట్టీలు అన్నీ ఇంటికి తెప్పించి పీట మీద పెట్టింది. మా ఇళ్ళలో పండగకు మగ్గం సామాను అంతా తుడిచి, పసుపు పెట్టి, నూనె రాస్తాం. పోగును అటూ ఇటూ మోసే నాడె, రాట్నం ఇరుసు, పలకలు, కదిలే ప్రతిదానికీ. నూనె తగిలితేనే అవి సాఫీగా జారతాయి, జారితేనే గుడ్డ. బ్రేకు పట్టీలు చేతికి గరుకుగా, ఎండిపోయినట్టు తగిలాయట. పాపం అనుకుని ఆముదం పోసి గుడ్డతో రుద్దింది. అవి తాగుతున్నకొద్దీ పోసింది. కుడి చక్రానివి అయ్యేసరికి ఆముదం అయిపోయింది. ఎడమవాటికి పసుపు కుంకుమ మాత్రం పెట్టింది. తర్వాత మేస్త్రి నవ్వుతాడేమోనని పైపైన అంతా తుడిచేసింది. బిగించిన రోజు మేస్త్రి చుట్టాల పెళ్ళికి పోయి, తన కింది పనివాళ్ళను పంపాడు. వాళ్ళు చూసుకోలేదు.

నేను కడపనుంచి వచ్చిన మరునాడు, మనుషుల బదులు ఇసుక మూటలు వేసి, కాలువ వంతెన దిగుడులో బండిని నడిపి చూశారు. చూడడానికి వీధంతా కదిలింది. జేజిని కుర్చీలో మోసుకొచ్చి గట్టున కూర్చోబెట్టారు. ఆ వచ్చే సోమవారమే శ్రీశైలం ప్రయాణం. వ్యాను దిగుతూ బ్రేకు వేసింది. తోకబండి ఎడమపక్క పట్టుకుంది, కుడిపక్క జారింది. ఉన్నచోటే గిరుక్కున తిరిగి, వంతెన పక్క రాయికి గుద్దుకుని, ఒరిగి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కొత్త ఇరుసు చివర మాత్రం దెబ్బతింది.

మేస్త్రి వచ్చేసరికి మరిది కోపం ఆగలేదు. డూప్లికేటు సామాను అంటగట్టి ముసలివాళ్ళను చంపాలని చూశావా అని నలుగురిలో నానా మాటలూ అన్నాడు. ఆయన చక్రం విప్పి, డ్రమ్ము ఊడదీసి, లోపల వేలు పెట్టి వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. ఆ వేలికి కొంచెం పసుపు అంటింది. పెద్దత్తవైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. అప్పుడామె ఊరుకుని ఉంటే ఆ విషయం వాళ్ళిద్దరి మధ్యే ఉండిపోయేది. ఆయన చెప్పేవాడు కాదు.

"ఆయప్పను అనొద్దురా" అంది పెద్దత్త. "అది ఆముదం. నేనే రాసినా. కదిలేదానికంతా రాస్తాం కదా అని రాసినా. ఇది పట్టుకునేదని నాకు తోచలేదు."

మరిది మొహం పాలిపోయింది. మేస్త్రే మాట కలిపాడు. "మా ఇంట్లోనూ కొత్తవాటికి అత్తరు పూస్తారు పెద్దమ్మా. బ్రేకులకు మాత్రం పూయరు" అన్నాడు. కొంతమంది నవ్వారు. ఆమె నవ్వలేదు. ఆ సాయంత్రం అరుగు అరుగుకూ పోయి తానే చెప్పింది. ఎవరూ అడగకముందే చెప్పింది. బండి మళ్ళీ బాగయ్యేదాకా ఎవరూ ఎక్కొద్దని చెప్పింది. నేను వెంట ఉన్నాను. జేజి విని, "ఆ ఆముదమేదో నా మోకాళ్ళకు రాసింటే నడిచే పోయేదాన్ని కదే. ఇనుముకు పోసి పాడుచేస్తివి" అంది. అప్పుడు నవ్వింది పెద్దత్త. నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది.

బ్రేకు పట్టీలు తాగిన ఆముదం కడిగితే పోదట. కొత్తవి రావాలి, ఇరుసు చివర మళ్ళీ చేయించాలి. కొన్ని వారాలు పట్టింది. ఆ వారాల్లోనే జేజికి జ్వరం వచ్చింది. జ్వరం రొమ్ముకు దిగింది. తోకబండి బాగై వాకిట్లోకి వచ్చిన రోజుకు జేజి పోయి మూడు రోజులు.

ఆ చావు ఇంట్లో జరిగింది రాయడానికి చేయి ఆగుతోంది. పెద్దత్త స్నానం పోయడానికని చెంబు పట్టుకుని లోపలికి పోతే, జేజి కోడలు అడ్డం వచ్చింది. అరవలేదు, మామూలుగానే అంది. "నీ ఆముదం చెయ్యి మా అత్తకు తగలనీయొద్దు."

పెద్దత్త చెంబు అక్కడే దించి, బయటికి వచ్చి, శవం లేచేదాకా ఎండలో నిలబడింది. ఆనాటినుంచి ఎదురెదురు ఇళ్ళ మధ్య మాట లేదు. మా వీధి వెడల్పు ఎంతని, ఒక ఇంటి తాళింపు ఇంకో ఇంట్లో దగ్గు తెప్పిస్తుంది. అయినా ఇన్నేళ్ళు మాట లేదు. జేజి కోడలు తోకబండి ఎన్నడూ ఎక్కలేదు. బండి కదిలిన ప్రతిసారీ ఆమె తన అరుగు మీద కూర్చుని కందులు ఏరుతూనో, కండెలు చుడుతూనో ఉండేది.

ఆ తర్వాత తోకబండి చాలాసార్లు శ్రీశైలం పోయింది. ఘాటులో దిగుతున్నప్పుడు వెనకనుంచి బ్రేకు పట్టే చప్పుడు వినిపించేది, సన్నగా, ఎవరో పళ్ళు కొరికినట్టు. ఒక్కసారి కూడా వ్యానును తోయలేదు. ఆగిన ప్రతిచోటా పెద్దత్త దిగి, ముందు కట్టె పెట్టి, తర్వాత చక్రం సందులోనుంచి చేయి పోనిచ్చి, డ్రమ్ము మీద చేతి వెనకపక్క ఆనించి చూసేది. మొదట కుడివైపు, తర్వాత ఎడమవైపు. బిడ్డకు జ్వరం చూసినట్టు. రెండు పక్కలా ఒకే వేడి ఉంటే బ్రేకులు సమంగా పడుతున్నట్టని మేస్త్రి నేర్పాడు. బ్రేకులున్నాక ఇంకా కట్టె ఎందుకని ఒకసారి అడిగాను. "బ్రేకు బండికి పాపా. కట్టె నాకు" అంది. తలకు నూనె పెట్టుకున్నవాళ్ళను చక్రాల దగ్గరికి రానిచ్చేది కాదు. ఆడవాళ్ళు దానికి ఎంత ఎగతాళి చేసినా పట్టించుకునేది కాదు.

అన్నిసార్లు పోయిన మనిషి ఒక్కసారీ గుళ్ళోకి పోలేదు. బండి దగ్గర ఉంటాననేది. అందరం పోయి వచ్చేదాకా కట్టె పక్కన పీట వేసుకుని కూర్చునేది. ఒకసారి నేను పట్టుబట్టాను. నేను కాపలా ఉంటాను, నువ్వు పోయిరా పెద్దత్తా అన్నాను.

"నేను ఒక మనిషికి మాటిచ్చినా" అంది. "ఆమెను ఈడిదాకా తేలేకపోతి. ఆమె లేకుండా లోపలికి ఎట్ల పోదు? ఈడ నిలబడనీ నన్ను."

ఆ జ్వరం ఏ వారమైనా వచ్చేదే కావచ్చు. ఆ సోమవారం పోయి ఉంటే, కొండమీది చలికి ఇంకా ముందే వచ్చేదేమో కూడా. నేను ఆమెకు అదే చెప్పాను, ఎన్నోసార్లు. చెబుతున్నప్పుడు నాకే నమ్మకం ఉండేది కాదు. ఇంట్లో ఉప్పు ఎన్ని రోజులు వస్తుందో చెప్పగలను. ఇది మాత్రం ఏ పక్కనుంచి కూడినా కుదరదు. పెద్దత్త పోయినాక కూడా రాత్రిపూట ఇదే కూడుతూ మెలకువగా ఉంటున్నాను.

మూడో రోజు అస్థికలు తీశారు. మాకు దగ్గర తుంగభద్ర. అందరూ మంత్రాలయంలో కలుపుతారు. మరిది శ్రీశైలం అన్నాడు, తోకబండిలో అన్నాడు. అస్థికల వెంట ఆడవాళ్ళు పోవడం మా ఇళ్ళలో లేదు. అయినా ఆ బండిలో తిరిగిన మా దాయాదుల ఇళ్ళ ముసలివాళ్ళు ఒక్కొక్కరే సంచులు పట్టుకుని వచ్చి వ్యానులో కూర్చున్నారు. ఎవరూ ఎవరినీ అనుమతి అడగలేదు. కుండను తోకబండిలో ఆమె పడుకునే పలక మీద పెట్టి, కదలకుండా పాత చీరలతో కట్టాం.

వ్యాను కదలబోతుండగా ఎదురింటి తలుపు తెరుచుకుంది. జేజి కోడలు చేతిలో సంచితో వచ్చి మెట్టు దగ్గర నిలబడింది. ఆమెకూ ఇప్పుడు మోకాళ్ళు లేవు. ఆమె ఇంకెవరివైపూ చూడలేదు, నావైపే చూసి అంది.

"మీకందరికీ మైల. గుళ్ళోకి పోయేటోళ్ళు ఒకరన్నా ఉండల్ల కదా. మా అత్త చీర ఉండిపోయింది, ఇచ్చి రావల్ల." మెట్టు మీద ఒక కాలు పెట్టి మళ్ళీ అంది. "నేను మా అత్త కోసం వస్తాండా. ఆమె కోసం కాదు."

"రా అక్కా" అన్నాను. జరిగి చోటిచ్చాను.

దారిలో ఆమె సంచి ఒళ్ళో పెట్టుకుని కిటికీలోనుంచి చూస్తూ కూర్చుంది. ఆత్మకూరు దాటాం. ఘాటు ఎక్కాం. దిగుడులో ఆ మలుపు వచ్చింది. గట్టు రాయికి మా వ్యాను రంగు గీరుకున్న గుర్తు వానలకు ఏనాడో పోయింది, కానీ అందరి తలలూ అటే తిరిగాయి. వెనకనుంచి ఆ సన్నటి చప్పుడు వచ్చింది. తోకబండి పట్టుకుంది. ఒరగలేదు, తోయలేదు, కుండను మోసుకుంటూ మా వెనక మెల్లగా దిగింది. మరిది భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడని తెలిసింది.

శ్రీశైలంలో బండి ఆగింది. అలవాటు చొప్పున మేమంతా కూర్చునే ఉన్నాం, ఎవరో "దిగండి ఇంక" అంటారన్నట్టు. ఆ మాట అనే మనిషి లేదని తట్టేసరికి, పక్క తలుపు చప్పుడైంది. జేజి కోడలు కిందికి దిగింది. చేత్తో మోకాలు పట్టుకుని వెనక్కి నడిచి, బండి కింద కొక్కేనికి వేలాడుతున్న కట్టె తీసి, చక్రం కింద పెట్టి, కాలితో ఒకసారి నొక్కింది. తర్వాత వంగి, చక్రం సందులోనుంచి చేయి పోనిచ్చి, డ్రమ్ము మీద చేతి వెనకపక్క ఆనించింది. మొదట కుడివైపు. చుట్టూ తిరిగి పోయి, ఎడమవైపు.

ఆమెకు అది ఎవరూ నేర్పలేదు. ఇన్నేళ్ళూ అరుగు మీద తల వంచుకుని కందులు ఏరింది. బండి తిరిగొచ్చి వాకిట్లో ఆగిన ప్రతిసారీ చూస్తూనే ఉందన్నమాట.

"రెండు పక్కలా ఒకే వేడి ఉండాది" అంది. "దిగండి ఇంక."

పాతాళగంగలో అస్థికలు కలిపాక ఆమె స్నానం చేసి, సంచిలోని ఎర్రంచు చీర చేతిమీద వేసుకుని, ఒక్కతే గుడివైపు నడిచింది. మైలవాళ్ళం మేమంతా తోకబండి దగ్గర ఆగాం. నేను కట్టె పక్కన, పెద్దత్త పీట మీద కూర్చున్నాను. ఆ వంకర నడకా, చేతిమీద ఎర్రంచూ జనంలో కలిసిపోయేదాకా కనిపిస్తూనే ఉన్నాయి.

ఇంటికి వచ్చిన రోజు నా పద్దుల పుస్తకంలో రాసుకున్నది: దుప్పట్లు ఉతికాను. తోకబండి కడిగించాను. కట్టె ఎండలో పెట్టాను. పెద్దత్త ఎదురింటి జేజికి ఇచ్చిన శ్రీశైలం మాట, చెల్లు.